వెళ్ళిపోయినవాళ్ళ సమాధులు, ఉండిపోయినవాళ్ళ ఊరు

2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రతీరం వచ్చింది. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు చంద్రగిరితో ఒకే జిల్లాలో చేరాయి. ఇది కొత్త ఏర్పాటులా కనబడుతుంది గాని, ఈ కొండకూ ఆ తీరానికీ బంధం పాతదే. నాలుగు వందల ఏళ్ళ కిందట చంద్రగిరి రాజుల ఏలుబడిలోని పెద్ద రేవు పులికాట్. రాయలసీమ ముస్లింలమైన మేం ఆ రేవును ఇప్పుడు గుర్తు చేయడానికి కారణం ఉంది. "మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అన్న ప్రశ్న మమ్మల్ని వెంటాడుతూనే ఉంది. దానికి జవాబును అందరూ కోట గుమ్మాల దగ్గరే వెతుకుతారు. రేవు దగ్గర వెతికేవాళ్ళు తక్కువ.

మన పెద్దలు ప్రళయకావేరి అని పిలుచుకున్న పులికాట్ సరస్సు, చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. దక్షిణపు కొసన ఉన్న పులికాట్ ఊరు మాత్రం తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోది. అక్కడివాళ్ళు పళవేర్కాడు అంటారు. ఫ్లెమింగోలను చూడటానికి సూళ్లూరుపేట వైపు, పడవ షికారుకు, డచ్చివాళ్ళ సమాధులకు పులికాట్ వైపు జనం వస్తారు. సూళ్లూరుపేటలో 2001లో ఫ్లెమింగో పండుగ కూడా మొదలైంది. పక్షులు ఏ దేశం నుంచి వచ్చాయని మురిపెంగా చెప్పుకుంటాం. మనుషుల విషయంలోనే ఆ మాట నిందగా మారుతుంది.

1502లో పోర్చుగీసువాళ్ళు పులికాట్ చేరేనాటికే అక్కడ సముద్ర వ్యాపారం సాగుతోంది. 1516 ప్రాంతంలో ఈ తీరం గురించి రాసిన పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బార్బోసా, అక్కడ ముస్లిం వర్తకులూ హిందూ వర్తకులూ గొప్ప వ్యాపారం చేస్తున్నారనీ, ఊరు విజయనగర రాజుదనీ చెప్పాడు. కొత్త ఖలీఫాకు తలవంచక మదీనా విడిచి నాలుగు పడవల్లో వచ్చిన అరబ్బులే తమ పూర్వీకులని పులికాట్ ముస్లింలు చెప్పుకుంటారు. ఆ కథలో చరిత్ర ఎంతో, వంశాభిమానం ఎంతో ఎవరూ తూకం వేయనక్కర్లేదు. రాజు విజయనగరంవాడు, వర్తకుల్లో ముస్లింలున్నారు, ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది. విజయనగరాన్ని ఇస్లాంకు అడ్డుగోడగా మాత్రమే చూపే చరిత్రల్లో ఈ రేవుకు చోటు దొరకదు.

పెనుకొండ నుంచి చంద్రగిరికి రాజధాని మార్చిన వేంకటపతిరాయలు 1610లో డచ్చివాళ్ళకు పులికాట్‌లో వ్యాపారానికి అనుమతిచ్చాడు. 1612లో పోర్చుగీసువాళ్ళు దాడి చేసి వాళ్ళ స్థావరాన్ని పాడుచేశారు. మరుసటి ఏడే అక్కడ గెల్డ్రియా కోట లేచింది. డచ్చివాళ్ళకు కావలసింది మన గుడ్డ. మలుకు దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే ఈ తీరపు నూలుబట్టలు ఉండాలి. మలయ, చిన్నన్న అనే తెలుగు బలిజ సెట్లు డచ్చివాళ్ళకూ నేతగాళ్ళకూ నడుమ నిలిచి బేరాలు నడిపారు.

ఆ వ్యాపారం మిగిల్చిన గుర్తు ఒకటి నేటికీ ఉంది. ఇండోనేసియా ముస్లింలు మసీదుకు కట్టుకునే గళ్ళలుంగీని 'సారుంగ్ పలేకట్' అంటారు. మలేసియాలో అది 'కైన్ పెలికట్'. రెండు పేర్లలోనూ ఉన్నది మన పులికాటే. ఈ తీరపు మగ్గాల మీద హిందూ నేతగాడు నేసిన బట్ట పేరు, సముద్రం ఆవల నమాజు బట్ట పేరయింది. ఇందులో ఏ నూలుపోగు ఎవరి మతానిదో విడదీయగలరా?

అలాగని ఆ కాలాన్ని స్వర్గంగా చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ కోటలోనే డచ్చివాళ్ళు తుపాకిమందు తయారు చేశారు. ఆ రేవు నుంచే, ముఖ్యంగా కరువు రోజుల్లో, మనుషుల్ని కొని బానిసలుగా బటావియాకు ఎగుమతి చేశారు. నాలుగు భాషలు వినిపించిన చోట బానిసల ఏడుపూ వినిపించింది.

ముస్లిం పాలకులు కత్తితో రాలేదనీ మేం అనం. 1646లో మీర్ జుమ్లా నాయకత్వంలో గోల్కొండ సేనలు ఈ సీమను పట్టుకున్నాయి. 1758 నాటికి చంద్రగిరి ఆర్కాటు నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చేతిలో ఉంది. తిరుపతి రక్షకుణ్ణని బిరుదు పెట్టుకున్నాడు. నవాబులకు కొండ మీది ఆదాయం కావాలి, అందుకే కొండను కాచారు. 1782లో చంద్రగిరిని హైదర్ అలీ తీసుకున్నాడు. ఆ ఏడే చిత్తూరు దగ్గర కన్నుమూశాడు. రాజులు రాజుల్లాగే ప్రవర్తించారు. వాళ్ళ లెక్కను ఈనాటి బీడీ కార్మికుడి మీద, పంక్చర్లు వేసే కుర్రాడి మీద రాయడం ఏం న్యాయం?

మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి. పులికాట్ లబ్బైలు తమిళం మాట్లాడతారు. తమిళాన్ని అరబ్బీ లిపిలో రాసుకున్న అర్వీ సంప్రదాయం వాళ్ళది. మా సీమలో దూదేకులవాళ్ళ ఇంటిభాష తెలుగు. ఉర్దూ వస్తేనే అసలైన ముసల్మాను అనే చిన్నచూపు మాలో ఇంకా పోలేదు. మమ్మల్ని పరాయివాళ్ళన్నవాళ్ళ కొలబద్దనే మేం మా సాటివాళ్ళ మీద వాడుతున్నాం. పులికాట్ మాకు నేర్పే మొదటి పాఠం ఇదే కావాలి.

1825లో పులికాట్ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. డచ్చివాళ్ళు వెళ్ళిపోయారు. ద్వారం పక్కన అస్థిపంజరాల బొమ్మలు చెక్కిన వాళ్ళ శ్మశానాన్ని పురావస్తు శాఖ కాపాడుతోంది. కాపాడాలి కూడా. మనుషుల్ని అమ్మి వెళ్ళిపోయినవాళ్ళ సమాధులు మనకు వారసత్వ సంపద అయ్యాయి. వాళ్ళకు ముందునుంచీ ఉన్నవాళ్ళు, వాళ్ళు పోయాక కూడా ఊరు విడవనివాళ్ళు, నీడగడియారం చూసి నమాజు వేళలు లెక్కించుకున్న మసీదును నిలుపుకున్నవాళ్ళు మాత్రం ఇంకా తమ ఊరి గురించి సంజాయిషీ చెప్పుకోవాలి. మేం అడిగేది జాలి కాదు. రేవును కూడా చరిత్రలో భాగంగా చదవమంటున్నాం. చంద్రగిరి కోట చూసినవాళ్ళు అదే దారిన తీరానికి వెళ్ళి, సమాధుల దగ్గరే ఆగిపోకుండా ఊళ్ళోకి కూడా నడవాలని కోరుతున్నాం.