బుడ్డలలో బూజు: ఒక పరిమితి పుట్టిన కథ

కర్నూలు జిల్లా పడమటి భాగములో, గుత్తి నుండి పత్తికొండకు పోయే దారిలో జొన్నగిరి అనే గ్రామమున్నది. సమీపములోనే ఎర్రగుడి గుట్టమీద అశోకుని శాసనాలున్నవి. తొలకరి వానలు పడగానే ఎక్కడెక్కడివారో వచ్చి ఇక్కడి ఎర్రనేలలలో వజ్రాలకోసం వెదకుతారు. వజ్రము దొరికేది ఏ ఒక్కరికో. ఊరివారిని పోషించేది మాత్రము ఆ నేలలో పండే పంటలే. వాటిలో ముఖ్యమైనది వేరుసెనగ. ఈ ప్రాంతమువారు దానిని బుడ్డలు అంటారు. ఈ పడమటి భాగములో పండిన కాయలు ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్లకు చేరి, అక్కడనుండి నూనె మిల్లులకూ వర్తకులకూ పోతున్నవి.

ఈ గింజలో నూటికి సుమారు 25 పాళ్ళు మాంసకృత్తులు, 45 పాళ్ళకు పైగా నూనె ఉన్నవి. బీదవాని బాదంపప్పు అని దానికొక పేరు కూడా వచ్చింది. 1960 వరకు ఈ పేరుకు మచ్చ రాలేదు.

ఆ సంవత్సరము ఇంగ్లండులో టర్కీ కోళ్ళ పిల్లలు గుంపులుగుంపులుగా చావసాగినవి. మేత మానివేయడము, రెక్కలు వాల్చడము, వారము రోజులలో చావడము, ఇదీ వరుస. కొద్ది నెలలలోనే లక్షకు పైగా పిల్లలు చచ్చినవి. కోసి చూస్తే కాలేయము పాడై ఉన్నది గాని, ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. కారణము తెలియని ఈ జబ్బుకు పశువైద్యులు 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టి ఊరుకోక, మేతవైపు దృష్టి మళ్ళించారు. చచ్చిన పిల్లలన్నీ తిన్న మేతలో బ్రెజిల్ దేశపు వేరుసెనగ చెక్కపొడి ఉన్నది. 1961లో ఆ పొడిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజును కనుగొన్నారు. అదే సంవత్సరము, ఆ పొడిని తిన్న ఎలుకల కాలేయములో క్యాన్సరు గడ్డలు లేచినవని తేలింది. బూజు పేరులోని మొదటి అక్షరాలను కలిపి, అది పుట్టించే విషమునకు 1962లో అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అతినీల లోహిత కిరణాలలో ఈ విషము నీలముగానూ ఆకుపచ్చగానూ మెరుస్తుంది. ఆ రంగుల ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలనుబట్టి బి, జి రకాలని విభజించారు. వీటిలో బి1 అన్నిటికంటె తీవ్రమైనది.

ఇంతకూ ఒక పదార్థమును మనిషి ఎంతవరకు తినవచ్చునో నిర్ణయించే పద్ధతి అప్పటికే ఒకటున్నది. అది చాలవరకు ఆహారములో మనము బుద్ధిపూర్వకముగా కలిపే రుచిద్రవ్యాలు, వాసనద్రవ్యాలు, రంగులు మొదలైనవాటికోసం పుట్టినది. కౌమరిన్ అనే సుగంధ ద్రవ్యమే ఇందుకు ఉదాహరణ. వెనిల్లా వాసనకు తోడుగా దీనిని మిఠాయిలలో చాలాకాలము వాడారు. జంతువులకు పెట్టి చూస్తే కాలేయము దెబ్బ తింటున్నదని తేలి, 1954లో అమెరికాలో దానిని ఆహారమునుండి తొలగించారు. కొన్ని పానీయాలకు సువాసననిచ్చే సాఫ్రోల్ కు 1960లో అదే గతి పట్టింది. 1954లోనే అమెరికా ఆహార ఔషధ శాఖకు చెందిన లేమన్, ఫిట్జ్‌హ్యూ అనే శాస్త్రజ్ఞులు ఒక లెక్క ప్రతిపాదించారు. జంతువుకు ఏ హానీ చేయని మోతాదు ఎంతో ప్రయోగముచేసి తెలుసుకొని, దానిలో నూరవ వంతు మనిషికి అనుమతించవలె. జంతువుకూ మనిషికీ భేదమున్నది కనుక ఒక పది వంతులు, మనిషికీ మనిషికీ భేదమున్నది కనుక మరొక పది వంతులు తగ్గించినారని ఈ నూరును వివరిస్తారు. ఆహారములో కలిపే ద్రవ్యాలను పరిశీలించడానికై ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘము 1956లో మొదటిసారి సమావేశమై, తరువాతి సంవత్సరాలలో ఈ లెక్కనే ఆధారము చేసుకొన్నది.

అఫ్లటాక్సిన్ ముందు ఈ లెక్క నిలువలేదు. రుచిద్రవ్యము హాని చేస్తుందంటే దానిని మానివేయవచ్చు. మిఠాయికి వాసన తగ్గుతుంది, అంతే. బూజు విషమును ఎవరూ కలపలేదు, మానుదామంటే మానేది కాదు. అది గింజతోపాటు వస్తుంది. దానిని పూర్తిగా వదలుకోవాలంటే గింజనే వదలుకోవాలి. రెండవ చిక్కు ఇంకా గట్టిది. కాలేయములోని ఒక ఎంజైము బి1ను చురుకైన రూపములోనికి మారుస్తుంది. ఆ రూపము జీవకణములోని డి.ఎన్.ఎ.కు అతుక్కొని, క్యాన్సరుకు దారితీసే మార్పులు తెస్తుంది. ఇటువంటి పదార్థమునకు 'ఇంతవరకు ఏ హానీ లేదు' అని గీత గీయడానికి వీలైన మోతాదు కనబడదు. నూరవ వంతు తీయడానికి అసలు సంఖ్యే లేనప్పుడు లెక్క ఏమి చేయగలదు?

ఈ చిక్కుముడి మన దేశమునకే ఎక్కువగా తగిలింది. 1960 ప్రాంతములో వేరుసెనగ పంటలో భారతదేశమే ప్రపంచములో అగ్రస్థానములో ఉండేది. మాంసకృత్తుల కరువుతో లక్షల పిల్లలు వాచి, చిక్కి, చనిపోతున్న రోజులవి. నూనె తీయగా మిగిలిన వేరుసెనగ పిండిని ఆ పిల్లలకు పెట్టాలని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఎంతో కృషి చేసింది. నాలుగింట మూడు పాళ్ళు వేరుసెనగ పిండి, ఒక పాలు సెనగపిండి కలిపి వారు తయారుచేసిన మిశ్రమాహారము పాలకు బదులుగా పేదలకు అందగలదని అందరూ ఆశపడ్డారు. ఆ ఆశ ఫలించబోయే సమయానికి టర్కీ కోళ్ళ వార్త వచ్చింది.

హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాల దీనిని వెంటనే చేపట్టింది. ఈ సంస్థ 1918లో కూనూరులో చిన్న విభాగముగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వములో టుల్పులే, మాధవన్ మొదలైనవారు కోతిపిల్లలకు ఈ విషమును పెట్టి, వాటి కాలేయము చెడిపోవడము 1964, 1965లలో ప్రకటించారు. కోళ్ళకు హాని చేసినది మనిషికి దూరపు చుట్టములైన జంతువులకు కూడా చేస్తుందన్నమాట.

ఈ పరిశోధనశాలలోనే మరొక విచిత్రము బయటపడింది. మాంసకృత్తులు తక్కువగా ఉన్న మేత తిన్న ఎలుకపిల్లల కాలేయము ఈ విషమువల్ల త్వరగా, తీవ్రముగా దెబ్బ తిన్నది. అంటే అర్ధాకలితో ఉన్న బిడ్డకే ఎక్కువ ప్రమాదము. కాని మాధవన్, గోపాలన్ లు 1968లో ప్రకటించిన దీర్ఘకాలిక ప్రయోగములో, నూటికి 20 పాళ్ళు మాంసకృత్తి తిన్న ఎలుకలలో అనేకమునకు కాలేయ క్యాన్సరు వచ్చింది. 5 పాళ్ళు మాత్రమే తిన్నవాటిలో ఒక్కదానికీ రాలేదు. విషమును చురుకుచేసే ఎంజైము మాంసకృత్తి కరువైనప్పుడు మందగిస్తుందని దీనికి కారణము చెబుతారు. ఆకలి బిడ్డను విషమునుండి కాపాడుతుందని దీనిని పట్టుకొని వాదించేవారు మొదటి ప్రయోగమును మరచిపోతారు.

ఇట్టి స్థితిలో పరిమితి ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. ఐక్యరాజ్య సమితి సంస్థల మాంసకృత్తుల సలహా సంఘము 1966లో, పిల్లలకు పెట్టే వేరుసెనగ పిండిలో కిలోకు 30 మైక్రోగ్రాములకు మించి అఫ్లటాక్సిన్ ఉండరాదని సూచించింది. అనగా ఒక టన్ను పిండిలో 30 మిల్లీగ్రాములు. ఇది నిరపాయమైన మోతాదని ఆ సంఘము భావించలేదు. ఇంతకంటె తగ్గిస్తే పిండి దొరకదు, పిండి దొరకకపోతే బిడ్డ దక్కదు అనే లెక్క అది. కోడిపిల్లకు ఇంత, ఎలుకకు ఇంత అని కొలిచి తీసిన సంఖ్య కాదు. ఆకలిని ఒక తక్కెడలో, విషమును ఇంకొక తక్కెడలో పెట్టి తూచినది. భారతదేశములో 1954నాటి ఆహార కల్తీ నివారణ చట్టము కింద ఏర్పడిన నియమాలలో ఈ 30 అనే అంకెయే తరువాత స్థిరపడింది.

ఈ తూకము ఎంత సున్నితమైనదో మైసూరులో తెలిసివచ్చింది. క్వాషియోర్కర్ తో బాధపడుతున్న పిల్లలకు చికిత్సగా పెట్టిన వేరుసెనగ పిండిలో కిలోకు సుమారు 300 మైక్రోగ్రాముల విషమున్నదని తరువాత బయటపడింది. వారిలో కొందరికి కాలేయము గట్టిపడే సిరోసిస్ వచ్చినదని 1971లో వైద్యులు ప్రకటించారు. మందుగా ఇచ్చినదే అటువంటి ఫలితమిచ్చింది. మన దేశములో చిన్నపిల్లలకు వచ్చే ప్రత్యేకమైన సిరోసిస్ కంతకూ అఫ్లటాక్సినే కారణమని కూడా ఒకప్పుడు అనుమానించారు. అది నిలువలేదు. ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువచేసిన పాలలోనికి దిగే రాగి దీనికి ముఖ్యకారణమై ఉండవచ్చునని పూనాలో జరిగిన పరిశోధనలు 1983 నాటికి చూపినవి. ఒక విషము దొరికినదిగదా అని ప్రతి జబ్బునూ దానికే అంటగట్టడము తగదు.

అనుమానమునకు ఏమాత్రము తావులేని సాక్ష్యము 1974 చివర వచ్చింది. రాజస్థాన్ లోని బాంస్వాడా, గుజరాత్ లోని పంచమహల్ జిల్లాలలో 200కు పైగా గ్రామాలలో కామెర్లు, పొట్ట ఉబ్బరము వ్యాపించినవి. ముందుగా ఊరి కుక్కలు చచ్చినవి. 397 మంది రోగులలో 106 మంది మరణించారు. హైదరాబాదు సంస్థకు చెందిన కృష్ణమాచారి, భట్, నాగరాజన్, తిలక్ లు అక్కడికి పోయి చూస్తే, ఆ గిరిజనుల గాదెలలోని వానకు తడిసిన మొక్కజొన్నలో కిలోకు 6 నుండి 15 మిల్లీగ్రాముల విషమున్నది. అంటే పరిమితికి 200 రెట్లు మొదలుకొని 500 రెట్లు. వేరే తిండిలేక ఆ బూజు పట్టిన గింజలనే వారు వారాల తరబడి తిన్నారు.

ఇంత చరిత్రగల అంకెను ఆదోని మార్కెట్లో ఎట్లా అమలు జరుపుతారు? ఇక్కడ గింజ స్వభావమే అడ్డు వస్తున్నది. బూజు అన్ని గింజలకూ సమానముగా పట్టదు. వేలకొలది గింజలు శుభ్రముగా ఉంటే, ఒక్క గింజలో గ్రాముకు ఒక మిల్లీగ్రాము విషముండవచ్చు. అర గ్రాము బరువుగల అటువంటి గింజ ఒక్కటి చేరితే చాలు, 16 కిలోల మంచి గింజలు 30 మైక్రోగ్రాముల హద్దుకు చేరుతవి. మూటలోనుండి తీసిన దోసెడు గింజలలో అది పడవచ్చు, పడకపోవచ్చు. అందువల్ల ఒకే సరుకు ఒకచోట పరీక్షలో నెగ్గి, ఇంకొకచోట ఓడిపోతున్నది. 1998లో యూరప్ దేశాలు నేరుగా తినే వేరుసెనగకు 4 మైక్రోగ్రాములు మాత్రమే హద్దుగా పెట్టుకొన్నప్పుడు, ఎగుమతి వర్తకులకు ఈ చిక్కు ప్రాణసంకటమైనది. మన దేశములో 2006 చట్టము కింద వచ్చిన నియమాలు ఆ పాత 30ని వేరుసెనగ వంటి గింజలకు తరువాత తగ్గించినవి: ఇంకా శుద్ధి చేయవలసినవాటికి 15, నేరుగా తినేవాటికి 10. నిపుణుల సంఘము 1997లో వేసిన ఒక అంచనా ఈ సందర్భములో గమనించదగినది. హెపటైటిస్ బి వైరసు సోకినవారికి అఫ్లటాక్సిన్ వల్ల కాలేయ క్యాన్సరు వచ్చే ప్రమాదము, సోకనివారికంటె దాదాపు 30 రెట్లు ఎక్కువ. కాబట్టి ఒకే అంకె వేర్వేరు దేశాలలో వేర్వేరు ఫలితమిస్తుంది. హెపటైటిస్ టీకాకు కూడా ఈ కథలో భాగమున్నది.

బూజు ఎక్కడ పడుతుందన్నది రైతుకు ముఖ్యమైన ప్రశ్న. గిడ్డంగిలోనే అని మొదట అనుకొన్నారు. కాయ నేలలో ఉండగానే పట్టవచ్చునని తరువాత తెలిసింది. ముఖ్యముగా కాయ ఊరే చివరి వారాలలో వాన మొహము చాటేస్తే, వేడెక్కిన ఎండునేలలో కాయ ఆత్మరక్షణ శక్తి తగ్గి బూజు లోపలికి ప్రవేశిస్తుంది. వాననమ్ముకొని బతికే జొన్నగిరి, పత్తికొండ చేలకు ఈ గండము తరచు తటస్థిస్తున్నది. 1972లో పటాన్‌చెరువులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఈ విషయముమీద చిరకాలము పనిచేసింది. బూజును పూర్తిగా ఎదిరించగల వంగడము సులభముగా దొరకలేదు. కోత తరువాత చేయగలిగినది కొంత ఉన్నది. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేటట్లు ఆరబెట్టి, గింజలో తేమ నూటికి 8 పాళ్ళకు దించితే బూజు పెరగదు. కాని కాయలు కొట్టే యంత్రములో గింజ పగలకుండా ఉండాలని ముందు నీళ్ళు చల్లడము వాడుకలో ఉన్నది. ఎండబెట్టి సాధించినదంతా ఒక్క పూటలో నీళ్ళపాలు చేయడమే అది.

ముడుచుకొన్నవి, రంగుమారినవి, బూజు పట్టినవి చేతితో ఏరివేస్తే విషములో చాలాభాగము పోతుంది. ఏరివేసినవి ఎక్కడికి పోతున్నవో మాత్రము చూడవలె. పారవేసేవారు అరుదు, అవి నూనె మిల్లుకు చేరుతవి. గింజను పిండినప్పుడు విషములో ఎక్కువభాగము చెక్కలోనే నిలుస్తుంది, కొంత మడ్డితోపాటు నూనెలో దిగుతుంది. క్షారముతో శుద్ధిచేసిన నూనెలో అది దాదాపు ఉండదు. గానుగనూనెను వడగట్టి కొంతసేపు ఎండలో పెడితే సూర్యరశ్మికి విషము విరుగుతుందని 1970ల్లో మైసూరు శాస్త్రజ్ఞులు చూపించారు. వంటవేడికి మాత్రము లొంగదు. ఉడికించిన బుడ్డలలో విషము అట్లాగే ఉంటుంది. చెక్క పశువుకు మేత అవుతుంది. పాడిపశువు తిన్న బి1లో సుమారు నూటికి ఒకటి రెండు పాళ్ళు ఎం1 అనే రూపములో పాలలోనికి వస్తవి. అందువల్లనే పాలకు వేరే హద్దు పెట్టవలసి వచ్చింది: కిలోకు అర మైక్రోగ్రాము.