విశ్వం మీద ఏ పుస్తకం కొనాలి?

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న లంచ్‌లో అడిగాడు. "అన్నా, ఫిజిక్సు మీద, విశ్వం మీద మంచి పుస్తకం ఒకటి చెప్పు. లెక్కలుండకూడదు." కలకడలో తెలుగు మీడియం చదివి ఇంజనీరింగులో చేరాక నేనూ ఇలాగే అడిగి హాకింగ్ 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' (1988) కొన్నా. అందులో ఉన్నది ఒక్కటే సమీకరణం. అయినా సగం దాటలేదు. తప్పు నా బుర్రదే అనుకుని మూడేళ్ళు ఫిజిక్సు జోలికి పోలేదు.

అందుకే వాడికి పేరు చెప్పకుండా ముందు ఓ కథ చెప్పా. కుప్పంలో రైలెక్కి చెన్నై వైపు పోతే జోలార్‌పేట వస్తుంది కదా, ఆ పక్క జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. కట్టించింది మన హైదరాబాదులో పెరిగిన వైను బప్పు. 1977 మార్చిలో ఓ రాత్రి యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం రావాలి. అక్కడి 1 మీటరు టెలిస్కోపుతో భట్టాచార్య, కుప్పుస్వామి చూస్తున్నారు. గ్రహం ఇంకా అడ్డం రాకముందే నక్షత్రం వెలుగు కొన్ని సెకన్లు తగ్గింది. యురేనస్‌కి కొత్త ఉపగ్రహం దొరికిందని 'నేచర్' పత్రికలో రాశారు. అదే రాత్రి హిందూ మహాసముద్రం మీద, విమానంలో టెలిస్కోపు పెట్టుకుని చూసిన అమెరికా వాళ్ళకి గ్రహానికి ముందు అయిదు సార్లు, తర్వాత అయిదు సార్లు వెలుగు తగ్గింది. దూరాలూ చాలావరకు సరిపోయాయి. ఉపగ్రహాలు అలా రెండువైపులా జతలుగా కుదురుకోవు. అవి వలయాలు!

యురేనస్‌కి వలయాలున్నాయన్న ఒక్క ముక్క నెట్లో ఊరికే దొరుకుతుంది. ఎవరేం కొలిచారు, మొదట ఎక్కడ పొరబడ్డారు, ఎలా దిద్దుకున్నారు, ఇవి చెప్పే పుస్తకానికైతే డబ్బులు పెట్టొచ్చు.

అదే 1977లో వచ్చిన స్టీవెన్ వైన్‌బర్గ్ 'ది ఫస్ట్ త్రీ మినిట్స్' అలాంటిదే. పెంజియాస్, విల్సన్‌ల యాంటెన్నాలో పావురాల రెట్ట కడిగినా పోని రొద, విశ్వం తొలినాళ్ళ వేడి తాలూకు మిగులేనని ఎలా తేలిందో చెప్తాడు. అంతకుముందే ఎవరూ దానికోసం ఎందుకు వెతకలేదన్న దానికి ఓ అధ్యాయమే ఇచ్చాడు. లెక్కలు చివర్లో విడిగా ఉంటాయి, ఇష్టమైతేనే.

కాకపోతే వెర్షన్ నంబరు చూసుకోండి. 1993లో కొత్త ఎడిషన్ వచ్చింది గానీ, విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని తెలిసింది 1998లో. హిగ్స్ కణం 2012, గురుత్వ తరంగాలు 2015. ఆ ప్యాచ్‌లు వేరే పుస్తకంలో వెతుక్కోవాలి.

పేరు చూసి మోసపోకండి కూడా. 'ది ఎండింగ్ ఆఫ్ టైమ్' (1985) మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికీ డేవిడ్ బోమ్‌కీ జరిగిన సంభాషణలు. బోమ్ అసలు సిసలు భౌతిక శాస్త్రవేత్తే. మాటలు మాత్రం మనసు గురించి. ఫిజిక్సు కోసం కొంటే నాలా బిక్కమొహం వెయ్యాలి.

అంతా విని మావాడు, "తెలుగులో లేవా అన్నా?" అన్నాడు. అణుభౌతిక శాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసిన 'విశ్వాంతరాళం' నా బీరువాలో ఉంది. సోమవారం తెస్తానన్నా, తిరిగిస్తానని ఒట్టు వేయించుకుని.