గడ్డమీగడ

ఇంగ్లండు నైరుతి మూలన డెవన్, కార్న్‌వాల్ అను రెండు సీమలు ఉన్నవి. సముద్రపుగాలి, తరచుగా కురిసే వాన, పచ్చికబీళ్లు అక్కడి పాడికి ఆధారము. ఆ పాడినుండి వచ్చినదే ప్రసిద్ధమైన గడ్డమీగడ. దానిని నిలిపినది రుచి ఒక్కటే కాదు, అవసరము కూడ. పెద్ద నగరములకు దూరమైన ఆ పల్లెలలో పచ్చిమీగడ త్వరలో పులిసిపోయేది. కాచిన మీగడ మరికొన్ని దినములు నిలిచేది.

పితికిన పాలను లోతు తక్కువగల వెడల్పాటి పళ్లెములలో పోసి, మీగడ తేలేవరకు కదల్చక ఉంచేవారు. తరువాత సన్నని సెగమీదనో వేడినీటిమీదనో నిలిపి, పొంగు రానీయక గంటలకొద్దీ కాచేవారు. చల్లారిన పిమ్మట పైన కట్టిన బంగారువన్నె పొరను గరిటెతో తీసేవారు. దాలిమీద కాగిన పాల ఎర్రమీగడ నెరిగిన మనవారికి ఈ పద్ధతి వింత కాదు.

1579లో వెలువడిన స్పెన్సర్ కవి గోపకావ్యములో ఈ మీగడ ప్రసక్తి ఉన్నది. తేయాకు ఇంగ్లండు చేరినది అటుపిమ్మట, 17వ శతాబ్ది నడుమ. సాయంకాలపు తేనీటి విందు సంపన్నగృహములలో ఆచారమైనది 1840 ప్రాంతమున. 1859లో బ్రూనెల్ నిర్మించిన వంతెన టేమర్ నదిని దాటించి రైలును కార్న్‌వాల్‌లోకి తెచ్చినది. రైలువెంట యాత్రికులు వచ్చిరి. స్కోన్ అను మెత్తని రొట్టెను రెండుగా చీల్చి, పండ్లపాకము, మీగడ చేర్చి, తేనీటితో వడ్డించుట వారిమూలమున వ్యాపించినది. డెవన్‌లో ముందు మీగడ, కార్న్‌వాల్‌లో ముందు పాకము. ఈ తగవు నేటికీ తీరలేదు.

కనుక అనాదిగా వచ్చిన పల్లెవిందుగా తోచునది నిజమునకు రైలు, సామ్రాజ్యము కలిసి కూర్చినది. అందులో మీగడ స్థానికము, తేయాకు కాదు. అస్సాము తేయాకు లండనులో మొదటిసారి వేలమునకు వచ్చినది 1839లో. తోటలకు కూలీలు కావలసివచ్చిరి. గంజాం, విశాఖపట్నం జిల్లాలనుండి కూడ జనులను తీసుకొనిపోయిరి. ఒప్పందము తీరకముందే పారిపోయిన కూలీని వారంటు లేకయే పట్టుకొను అధికారమును 1882 చట్టము తోటదొరలకిచ్చినది. అస్సాము తోటలలో తెలుగు మాటలాడు కుటుంబములు నేటికీ ఉన్నవి.

1998లో కార్న్‌వాల్ మీగడ పేరునకు ఐరోపా చట్టరక్షణ లభించినది. అందులో నూటికి 55 పాళ్లయినా వెన్న ఉండవలెనని నియమము. మీగడ ఏ బీటిదో చెప్పవలెనన్న పట్టుదల న్యాయమైనదే. ప్రక్కనున్న గిన్నెలోని ఆకును ఎవరు కోసిరో అడుగుటయు అంతే న్యాయము.