చప్పుడు లేని బండి

పోయిన వారం చెరువు నీళ్ళ గురించి రాశాను. ఈ వారం రోడ్డు గురించి. రాయించింది మా మేనల్లుడు.

వాడికి మొన్ననే లైసెన్స్ వచ్చింది. ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పాడట. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "మావయ్యా, మొదటి బండి ఏది కొనమంటావు? బుల్లెట్టా, నూట పాతిక సీసీలో ఏదన్నానా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 1996లో ఉద్యోగం వచ్చిన కొత్తలో నేనూ మా నాన్నను ఇదే అడిగాను. ఆయన ధర అడగలేదు. మైలేజీ అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"ఏది తక్కువ చప్పుడు చేస్తదిరా?"

ఆ రోజుల్లో మా వయసు కుర్రాళ్ళకి యమహా ఆర్‌ఎక్స్ 100 అంటే పిచ్చి. టూ స్ట్రోక్ బండి. వీధి మొదట్లో ఉండగానే వీధి చివరికి వినపడేది. 1955 నుంచి మద్రాసులో తయారవుతున్న బుల్లెట్ సంగతి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో దాని చప్పుడు వినగానే వచ్చేది ఏ ఆసామో తెలిసిపోయేది. హీరో హోండా సీడీ 100 మాత్రం ఫోర్ స్ట్రోక్. మెత్తగా పోయేది. నేను అదే కొన్నాను. ఎందుకు కొన్నావని అడిగిన వాళ్ళందరికీ మైలేజీ కోసమని చెప్పాను. అబద్ధం.

మా పేట నుంచి తారు రోడ్డెక్కాలంటే ఊరి మధ్యనుంచే పోవాలి. మా నాన్నకి ఒక పాత సైకిల్ ఉండేది. ఊరు మొదలవగానే దిగేవాడు. రచ్చబండ దాటి, గుడి దాటి, చివరి మేడ దాటిందాకా నడిపించుకుంటూ పోయి మళ్ళీ ఎక్కేవాడు. దిగమని ఎక్కడా బోర్డు లేదు. ఒకసారి జ్వరంతో ఉండి దిగకుండా పోయాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి నాట్లకు పిలవలేదు. ఆ నెల మా ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలిగింది.

కొత్త బండి వేసుకుని మొదటిసారి ఇంటికొచ్చిన రోజు నేనేం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఊరు మొదట్లో ఇంజన్ ఆపేశాను. దిగాను. బండిని తోసుకుంటూ ఊరు దాటాను. నన్ను ఎవరూ ఆపలేదు. అరుగుల మీద ఉన్నవాళ్ళు నావైపు చూశారో లేదో కూడా నాకు తెలియదు, నేను తల ఎత్తితే కదా! పేట మొదట్లో నాన్న నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు.

"పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు.

"అవును నాన్నా" అన్నాను.

ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. అది ఆయనకీ తెలుసు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇది నా ఒక్కడి పిరికితనం అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది.

1893. తిరువితాంకూరు రాజ్యం. పులయ కులస్తులు రాజమార్గాల్లో నడవకూడదు. వెంగానూరుకు చెందిన అయ్యంకాళి ఒక ఎడ్లబండి కొన్నాడు. మంచి పంచె కట్టాడు, తలపాగా చుట్టాడు, ఆ నిషిద్ధ మార్గం మీదే బండి తోలాడు. ఎద్దుల మెడలో గంటలు కట్టాడని కూడా చెబుతారు. మా నాన్న చప్పుడు లేని బండి కోరాడు. అయ్యంకాళి చప్పుడు చేసే బండి కోరాడు. ఇద్దరికీ ఒకటే తెలుసు. రోడ్డు మీద చప్పుడు అంటే "నేను వస్తున్నాను" అని చెప్పడం.

1901. తొమ్మిదేళ్ళ భీమ్‌రావ్ అన్నతో, మరి కొందరు పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి కోరేగావ్ బయల్దేరాడు. మసూర్ స్టేషన్లో దిగారు. మహర్ పిల్లలని తెలియగానే రెట్టింపు బాడుగ ఇస్తామన్నా బండివాళ్ళు రామన్నారు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. తన ఎద్దులు, తన బండి, రెట్టింపు డబ్బు. అయినా వాళ్ళ పక్కన కూర్చుంటే మైల.

1929. అదే భీమ్‌రావ్ ఇప్పుడు బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో దిగాడు. మహర్‌ను ఎక్కించుకుని తోలడానికి టాంగావాడు ఒప్పుకోలేదు. మహర్‌వాడలోని మనవాళ్ళు టాంగా అద్దెకు తీసుకుని, తమలోనే ఒకరిని తోలమన్నారు. ఆయనకి టాంగా తోలడం అలవాటు లేదు. కల్వర్టు దగ్గర చక్రం తగిలి టాంగా అదుపు తప్పింది. అంబేద్కర్ రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. ఈ రెండు సంఘటనలూ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు.

ఈ రెండో సంఘటన చెప్పేటప్పుడు మనం టాంగావాడి కులగర్వం దగ్గరే ఆగిపోతాం. నేను ఆ తోలిన మహర్ సోదరుడి గురించి ఆలోచిస్తాను. ఆయన తప్పేమీ లేదు. పగ్గాలు పట్టుకునే అవకాశం ఆయనకి అంతకుముందు రాలేదు. కులం మనల్ని బండి ఎక్కనివ్వకపోవడమే కాదు, బండి నేర్చుకోనివ్వలేదు కూడా. అందుకే నీ జేబులో ఉన్న లైసెన్స్ కార్డు చిన్నదేమీ కాదు.

ఇక చట్టం సంగతి. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం రోడ్డునీ, ప్రజా వాహనాలనీ వాడుకోకుండా అడ్డుకోవడం నేరమని చెప్పింది. సొంత బండి మాట ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)(బి) తీసి చదవండి. బహిరంగ ప్రదేశాల్లో సైకిల్ గానీ మోటారు సైకిల్ గానీ ఎక్కకుండా, చెప్పులు గానీ కొత్త బట్టలు గానీ వేసుకోకుండా, పెళ్ళి ఊరేగింపు తీయకుండా, అందులో గుర్రం ఎక్కకుండా అడ్డుకోవడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా.

ఒక దేశం తన చట్టంలో "మోటారు సైకిల్" అని ప్రత్యేకంగా రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ దేశపు వీధుల్లో ఏం జరుగుతూ ఉండాలి? 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతులు నరికారు. బుల్లెట్ నడుపుతున్నందుకే ఈ దాడి అని కుటుంబం చెప్పింది.

ఇదంతా తలకెక్కాక మేనల్లుడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, బుల్లెట్ 350 బరువు దాదాపు 195 కిలోలు. నువ్వు నిన్న మొన్న నేర్చుకున్నావు. ఆపినప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. పక్కకి ఒరిగితే నువ్వొక్కడివే నిలబెట్టగలగాలి. షోరూములో ఎక్కి కూర్చుని చూడు, టెస్ట్ రైడ్ చెయ్యి. 125 సీసీ దాటిన బళ్ళకి 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి, తడి రోడ్డు మీద అది పనికొస్తుంది. నెల కిస్తీ ఒక్కటే లెక్క వెయ్యకు. ఇన్సూరెన్సూ సర్వీసింగూ కలుపు. హెల్మెట్ డబ్బులు ముందే పక్కన పెట్టు. ఇవన్నీ చూశాక కూడా బుల్లెట్టే కావాలంటే అదే కొను. చిన్న బండి కావాలంటే చిన్నదే కొను. ఊళ్ళో ఎవరేమనుకుంటారో అన్నది మాత్రం లెక్కలో రాయకు. నేను రాశాను. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తాతయ్య అడిగింది తప్పా మావయ్యా?" అన్నాడు.

తప్పు కాదు. ఆయన బండి గురించి అడగలేదు. కొడుకు క్షేమంగా ఇంటికి రావాలని అడిగాడు. తప్పు ఆ ప్రశ్న అడిగించిన ఊరిది.

విద్యార్థులకి ఒక మాట. ఆవేశంతో ఎవరూ ఒంటరిగా పోయి ఊళ్ళో సవాలు విసరొద్దు. ఎవరన్నా బండి ఆపితే తేదీ, సమయం, అన్న మాటలు, చూసినవాళ్ళ పేర్లు అదే రోజు రాసిపెట్టండి. ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. స్టేషన్లో ఈ రెండూ గట్టిగా అడగండి.

మేనల్లుడు చివరికి నూట పాతిక సీసీ బండే తీసుకున్నాడు. పాదాలు ఆనుతున్నాయట, కిస్తీ అందుతోందట. మరో కారణం లేదన్నాడు. వచ్చే ఆదివారం ఊరికి తెస్తున్నాడు. వెనక సీటు నాకు ఉంచమన్నాను. ఊరు మొదలయ్యే చోట ఇంజన్ ఆపకుండా, మెల్లగా, హెల్మెట్లు పెట్టుకుని పోతాం. నాన్న లేడు. పేట మొదట్లో ఆయన నిలబడిన చోట కాసేపు ఆగుతాం.

జై భీమ్.