కైలోథొరాక్స్: పిల్లల గుండె ఆపరేషన్ తర్వాత చిక్కు

గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి ఊపిరితిత్తుల చుట్టూ కైల్ అనే కొవ్వు కలిసిన ద్రవం చేరుతుంది. దీన్నే కైలోథొరాక్స్ అంటారు. పేగుల నుంచి కొవ్వును మోసుకొచ్చే థొరాసిక్ డక్ట్ అనే సన్నని నాళం వెన్నెముకను ఆనుకుని పైకి సాగి, మెడ దగ్గర ఎడమవైపు సిరలో కలుస్తుంది. ఆపరేషన్‌లో ఆ నాళానికి గాయమైనా, పెద్ద సిరలో రక్తం గడ్డకట్టినా, ఫాంటాన్ వంటి ఆపరేషన్ తర్వాత సిరల్లో ఒత్తిడి పెరిగినా కైల్ లీకవుతుంది.

బిడ్డకు పాలు పట్టనంతకాలం ఛాతీలోని డ్రెయిన్ గొట్టంలో లేత పసుపు నీరే కనబడుతుంది. పాలు మొదలుపెట్టగానే తెల్లబడుతుంది. ఇటలీ వైద్యుడు గాస్పరే అసెల్లీ 1622లో అప్పుడే తిండి తిన్న కుక్క పొట్ట కోసినప్పుడు చూసిన తెల్లని నాళాల్లో ఉన్నదీ ఈ ద్రవమే. 1651లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పెకే అది ఛాతీ గుండా పోయే దారిని వివరించాడు.

ఆ తర్వాత దాదాపు మూడు శతాబ్దాలు కైలోథొరాక్స్‌కు సరైన చికిత్స లేదు. రోగుల్లో దాదాపు సగం మంది చనిపోయేవారు. ద్రవంతోపాటు ప్రొటీన్లు, లింఫోసైట్లు, యాంటీబాడీలు పోయి బిడ్డ చిక్కిపోతుంది, ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. 1948లో అమెరికా సర్జన్ లాంప్సన్ కారుతున్న నాళాన్ని కట్టివేసి రోగిని కాపాడాక పరిస్థితి మారింది.

అయితే అసలు మలుపు కత్తి వల్ల కాదు, తిండి వల్ల వచ్చిందనాలి. 1960ల్లో వాడుకలోకి వచ్చిన ఎంసీటీ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్) నూనెలోని కొవ్వు శోషరస (లింఫ్) నాళాల్లోకి పోకుండా నేరుగా కాలేయానికి చేరుతుంది. ఎంసీటీని కొబ్బరినూనె నుంచి తీస్తారు గానీ, వంట కొబ్బరినూనె దానికి బదులు కాదు. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చాలావరకు శోషరసంలోకే పోతుంది. చంటిబిడ్డకైతే తల్లిపాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన వెన్న తీసేసి పడతారు. తల్లిపాలు పూర్తిగా మాన్పించడం కన్నా ఇది ఎంతో మేలు. 1990ల నుంచి ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ వాడుతున్నా, దాని ఫలితంపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అదే దశకంలో అమెరికాలో కాన్‌స్టాంటిన్ కోప్ ఛాతీ కోయకుండా సన్నని గొట్టంతో నాళాన్ని మూసే పద్ధతి తెచ్చాడు.

తెలంగాణలోని అచ్చంపేట వైపు పేద కుటుంబాలకు పిల్లల గుండె ఆపరేషన్లు అందుబాటులోకి రావడం ఇటీవలి చరిత్రే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అచ్చంపేట అప్పుడు ఆ జిల్లాలోదే, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల గుండె జబ్బులు పసిగట్టి పైకి పంపుతాయి. ఆపరేషన్ మాత్రం ఎక్కువగా హైదరాబాద్‌లోనే.

చికిత్సలో మిగతా సగం ఇంటికొచ్చాకే. సుమారు ఆరు వారాలు కొవ్వు లేని తిండి పెట్టాలి. పల్లి పంట విరివిగా పండే ఈ నేలలో పల్లి చట్నీ, పల్లి నూనె పెట్టకుండా పిల్లవాడిని సాకడం తల్లికి నిజంగా కష్టమే. అన్నం, నూనె లేని పప్పు, మీగడ తీసిన మజ్జిగ, పండ్లు పెట్టొచ్చు. దమ్ము వచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గడువు తీరి ఎక్స్‌రే బాగుంటే మామూలు పాలు మొదలుపెడతారు. మళ్లీ నీరు చేరిందేమో చూడటానికి కొద్దిరోజులకే ఇంకో ఎక్స్‌రే తీస్తారు.