స్వబుద్ధీ దేవుని నడిపింపూ: పల్లె క్రైస్తవంలో ఒక ప్రశ్న

కర్లపాలెం నుంచి బాపట్ల, రేపల్లె, తెనాలి దాకా మాల మాదిగ పల్లెల ఆదివారం ప్రసంగాల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: స్వబుద్ధిని నమ్ముకోవద్దు, దేవుని నడిపింపు కోసం కనిపెట్టాలి. ఈ మాటే దళితుల్ని చేతులు కట్టుకు కూచోబెట్టిందని మన ఉద్యమకారుల్లో కొందరంటారు. చరిత్ర అంత సూటిగా లేదు.

ముందుగా ఒకటి గమనించాలి. పల్లెలో మనిషికి స్వబుద్ధితో బతికే వీలు ఎప్పుడుంది? ఏ పొద్దున చేలోకి దిగాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో, ఏ కొలుపుకి డప్పు కొట్టాలో చెప్పింది కరణం, మునసబు, ఆసామి. అలాంటి మనిషి ‘నన్ను నడిపేది దేవుడు’ అన్నప్పుడు కాదన్నది తన బుద్ధిని కాదు, ఆసామి ఆజ్ఞని.

1866లో ఒంగోలు బాప్టిస్టు మిషన్లో చేరిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. మిషనరీ వచ్చి పిలిస్తే కదిలినవాడు కాదు. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చి, సత్యం వెతుక్కుంటూ తిరిగినవాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు ఆదివారం పని మానారు, చచ్చిన గొడ్డు మాంసం మానారు, విగ్రహపూజ మానారు. వాళ్ళ ప్రార్థన వల్ల ఊరికొచ్చిన నష్టమేమీ లేదు. వెట్టి ఆగిపోవడమే నష్టం. అందుకే వాళ్ళని బహిష్కరించారు. దేవుని చిత్తానికి లోబడటం ఇక్కడ ఊరి చిత్తాన్ని ధిక్కరించడమైంది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్ళీ ఆ ఊరి గడప తొక్కమన్నారు. ఆ పోరాటంలోంచి పుట్టిన దళిత మహాసభకి నాయకత్వం వహించినవాళ్ళలో హేతువాది కత్తి పద్మారావు ఒకరు. ప్రార్థించే జనం, దేవుణ్ణి నమ్మని నాయకుడు ఒకే శిబిరంలో నిలబడ్డారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపినప్పుడు, కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో అక్కడే 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

అయితే రెండో వైపూ ఉంది. ‘కేసు దేవుడికి వదిలెయ్యండి’ అని రాజీకి కూచోబెట్టే పెద్దలూ మన సంఘాల్లోనే ఉన్నారు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితాలోంచి తప్పించింది. కర్లపాలెం పక్కనున్న పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. తిట్టేవాడు కులం చూసే తిడతాడు, చట్టం మాత్రం మతం చూస్తుంది.

కాబట్టి దేవుని మీద ఆనుకోవడం తప్పా ఒప్పా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ మాట చెప్పి మనిషిని ఎటు నడిపిస్తున్నారు? పేరయ్య కాలంలో ఆ మాట వెట్టి నుంచి బయటికి నడిపింది. ఇవాళ ఎవరైనా అదే మాట చెప్పి పోలీసు స్టేషను మెట్ల మీంచి వెనక్కి తిప్పితే, ఆ నడిపింపు ఎవరిదో పల్లె అడగాలి.