గడప ఎత్తు

మొయినాబాదులో మా మామగారు కట్టించిన పాత ఇంటికి గడప జానెడు ఎత్తు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి మురిసిపోవడమే గాని, అది ఎవరికైనా అడ్డమవుతుందని నాకెప్పుడూ తోచలేదు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలెవరైనా తట్టుకుని తూలితే, "చూసుకుని నడవద్దూ!" అని నేనే కేకలేసేదాన్ని. తప్పు కాలిదే గాని గడపది కాదు. అదీ నా న్యాయం!

మా ఆడపడుచు వాళ్ళది చేవెళ్ళ. ఆమె కూతురికి ఏడాది నిండకుండానే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోయింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల గడప దగ్గర ఆగి, చంకకర్ర తలుపుకి ఆనించి, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకునేది. "మెల్లిగా రా బిడ్డా" అనేదాన్ని. నా దయ అంతవరకే.

ఆ పిల్ల డిగ్రీ, ఆపైన బి.ఇడి. పూర్తిచేసింది. 2011 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటిసారి టెట్ పెట్టారు. నిర్బంధ విద్యాహక్కు చట్టం వచ్చాక, టీచరు కావాలంటే ఈ పరీక్ష నెగ్గితీరాలని 2010 ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిర్ణయించింది. మొత్తం 150 మార్కులు. జనరల్ వాళ్ళకి 60 శాతం, అంటే 90 రావాలి. వెనకబడిన తరగతులవాళ్ళకి 75. షెడ్యూల్డు కులాలకీ, తెగలకీ, వికలాంగులకీ 40 శాతం, అంటే 60 చాలు. మా పిల్లకి 71 వచ్చాయి.

లడ్డూలు పట్టుకుని వచ్చింది. నేను ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని కదా, నోరు ఊరుకుంటుందా? "నీకేం బిడ్డా, అరవైకే పాసు! మా కాలంలో ఇట్లాంటివి ఎక్కడివి?" అన్నాను నవ్వుతూ. ఆ పిల్ల కూడా నవ్వి, లడ్డూ నా చేతిలో పెట్టి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు అప్పుడు అర్థం కాలేదు.

అన్నట్టు, మా కాలంలో ఏముండేదో చెప్పనా? నాతో ట్రెయినింగ్ అయిన ఒకమ్మాయికి కాలు కొంచెం ఈడ్చినట్టుండేది. పాఠం చెబితే క్లాసంతా నిశ్శబ్దం. మార్కుల్లో నాకంటే ముందు. ఉద్యోగానికి వెళితే ఒక ప్రైవేటు బడి యాజమాన్యం, "పిల్లలు నవ్వుతారమ్మా" అని పంపించేసింది. నవ్వింది పిల్లలు కాదు, పెద్దలే. అవును, మా కాలంలో సడలింపులు లేవు. ఆ అమ్మాయికి ఉద్యోగమూ లేదు.

ఈ తలుపులు ఒకేసారి తెరుచుకోలేదు. 1977లో కేంద్ర ప్రభుత్వం కింది తరగతి ఉద్యోగాల్లో అంధులకి ఒకటి, బధిరులకి ఒకటి, అవయవలోపం ఉన్నవాళ్ళకి ఒకటి చొప్పున 3 శాతం కేటాయించింది. 1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపింది. సభలు బోలెడు జరిగాయి, చట్టం మాత్రం 1995కి గాని రాలేదు. 1996 ఫిబ్రవరి 7 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ 3 శాతమూ అప్పుడు హక్కయింది. అయితే అందులో ఒక మెలిక. వికలాంగులకి 'తగిన' ఉద్యోగాలని ముందు గుర్తించాలి. గుర్తించినవాటిలోనే లెక్క వేస్తామని ఆఫీసులు కూర్చున్నాయి. కాదు, మొత్తం ఖాళీల మీద లెక్క వేయాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2013 అక్టోబరు 8 వచ్చింది. పదిహేడేళ్ళు! ఈలోగా ఎంతమంది ఆడపిల్లలకి వయసు దాటిపోయిందో! 2016లో వచ్చిన కొత్త చట్టం ఏడు రకాల వైకల్యాలని ఇరవై ఒకటి చేసి, కోటాని 4 శాతానికి పెంచింది.

ఇక మార్కుల సంగతి. సదరం క్యాంపులో డాక్టరు రాసిచ్చే వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. టెట్‌లో మార్కులూ 40 శాతానికి తగ్గకూడదు. ఆ 40కీ ఈ 40కీ సంబంధం లేదు గాని, మా పిల్ల మాత్రం "రెండు పరీక్షలూ పాసైన అత్తమ్మా" అని నవ్వేది.

2012లో ఆ పిల్ల మళ్ళీ టెట్ రాసింది. పాసైంది కదా, మళ్ళీ ఎందుకంటారా? అక్కడే ఉంది కిటుకు. టెట్ కేవలం గడప. ఉద్యోగం ఇచ్చేది డీఎస్సీ. ఆ ర్యాంకులో డీఎస్సీ పరీక్షకి 80, టెట్‌కి 20 మార్కుల వాటా. టెట్‌లో 120 వచ్చినవాళ్ళకి ఇరవైలో 16 చేరతాయి. 71 వచ్చిన మా పిల్లకి తొమ్మిదిన్నర కూడా రావు. సడలింపు ఎవరి ఖాతాలోనూ మార్కులు వేయదు, లోపలికి రానిస్తుంది, అంతే. ఈ చిన్న లెక్క ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకు తెలియలేదు!

పరీక్షనాడు వాళ్ళ నాన్నకి జ్వరమని తోడుగా నేను బయల్దేరాను. చేవెళ్ళ నుంచి వచ్చే బస్సులో నేను మొయినాబాదులో ఎక్కాను. పట్నంలో దిగేటప్పుడు ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని జారి దిగితే, వెనకవాళ్ళు "తొందరగా, తొందరగా" అన్నారు. పరీక్ష గది రెండో అంతస్తులో. కింద గది ఇవ్వమని అడిగితే, "లిస్టులో అట్లానే ఉందమ్మా" అన్నాడొకాయన. ఆయనేం చెడ్డవాడు కాడు, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. కాని ఆ పిల్ల తాగలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ చుక్క నీళ్ళు ముట్టలేదట. ఎందుకో ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్తచోట తనకి వీలయ్యే బాత్‌రూం ఎక్కడుంటుంది?

కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే చంకకర్ర మోస్తూ నేను వెనక నడిచాను. సగంలో బెల్లు మోగింది. మిగతావాళ్ళు అప్పటికే పేపరు తిప్పుతున్నారు. ఒక్క మాట గుర్తొచ్చి నా చెంపలు నేనే వేసుకోవాలనిపించింది. "నీకేం బిడ్డా, అరవైకే పాసు!"

ఇది మన ఊరి కథే కాదు. హెలెన్ కెల్లర్ పేరు మీకు తెలుసు. చూపూ వినికిడీ లేని ఆమె 1899లో అమెరికాలో రాడ్‌క్లిఫ్ కాలేజీ ప్రవేశపరీక్ష రాసింది. బీజగణితం పేపరు ఆమెకి అలవాటులేని బ్రెయిలీ గుర్తుల్లో ఇచ్చారు. పరీక్షకి రెండురోజుల ముందు ఆ సంగతి తెలిసి, గుర్తులు నేర్చుకుంటూ రాసి నెగ్గింది. 1904లో పట్టభద్రురాలైంది. ఆవిడ నెగ్గింది కదా అని ఆ పేపరు సరైనదైపోతుందా? ఆమెకి తగ్గిన మార్కులుంటే, అవి బీజగణితం రాక తగ్గినవా, గుర్తులు తెలియక తగ్గినవా? సడలింపు అడిగే ప్రశ్న అదే.

మేము మెట్లెక్కిన మరుసటి ఏడాది, 2013 ఫిబ్రవరి 26న, కేంద్రం ఈ పరీక్షల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వీలైనంతవరకు కింది అంతస్తులోనే గది ఇవ్వాలి. రాయసగాడిని పెట్టుకునేవాళ్ళకి గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. చదివి సంతోషించాను. కాగితం మీది మాట ప్రతి బడి మెట్ల దాకా రావాలిగా మరి!

"ఎంతయినా మార్కులు తగ్గించి తీసుకుంటే పిల్లల చదువేం కాను?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. నేనూ అడిగినదాన్నే. సిలబస్ ఒకటే, ట్రెయినింగ్ ఒకటే, డీఎస్సీ పేపరూ ఒకటే. రాజస్థాన్‌లో ఇచ్చిన టెట్ సడలింపుల మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016 అక్టోబరు 18న తీర్పు వచ్చింది. టెట్ అర్హత మాత్రమేననీ, అక్కడ సడలింపు ఇవ్వడం చెల్లుతుందనీ కోర్టు చెప్పింది. అలా గడప దాటినవాళ్ళు తర్వాత ప్రతిభలో ముందుంటే ఓపెన్ పోస్టుకీ అర్హులేనంది. గడప దగ్గర ఎవరో చెయ్యి అందించారని, జన్మంతా నుదుట ముద్ర వేయకూడదన్నమాట!

ఆ మాటకొస్తే చేవెళ్ళవాళ్ళకి ఇది కోర్టు చెప్పాలా? 2009లో కొత్తగా ఏర్పడ్డ చేవెళ్ళ లోక్‌సభ స్థానానికి మొదటి సభ్యుడు ఎస్. జైపాల్‌రెడ్డిగారు. పసితనంలోనే పోలియో వచ్చి, చంకకర్రల మీదే నడిచారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు అందుకున్నారు. మా పిల్ల మొదటి టెట్ రాసిన ఏడాది ఆయన కేంద్రంలో పెట్రోలియం మంత్రి. ఓటు వేసేటప్పుడు ఆయన కాళ్ళు చూడనివాళ్ళం, పక్కింటి పిల్ల మార్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోటా లెక్కలు తీస్తాం!

రెండోసారి మా పిల్లకి 88 వచ్చాయి. తొంభైకి రెండు తక్కువ. ఆ రెండూ మెట్లమీద పోయాయా, దాహంలో పోయాయా అని నేను లెక్క కట్టలేదు. ఆ ఏడాది డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఒకసారి వాళ్ళ బడికి వెళ్ళాను. బోర్డు మీద సగం ఎత్తు వరకే రాత ఉంది. పైన ఖాళీ. "చివరి వరసవాళ్ళకి కనబడదేమో" అన్నాను, పాత పంతులమ్మ బుద్ధి పోదుగా. "నేనే చివరి వరసకి పోయి చూసి వచ్చిన అత్తమ్మా, కనబడుతుంది" అంది. నేను ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా చివరి బెంచీలో కూర్చుని నా బోర్డు చూసుకోలేదు.

ఇంటికి వచ్చాక మేస్త్రీని పిలిపించి గడప కోయమన్నాను. "గడప కోస్తే అరిష్టమమ్మా" అన్నాడు. సరే, కోయించలేదు. అటూ ఇటూ సిమెంటుతో వాలు పోయించాను. మరుసటి పండక్కి మా పిల్ల ఆగకుండా లోపలికి వచ్చి, "చాయ్ పెట్టినవా అత్తమ్మా?" అంది. అప్పుడు చెప్పాను, ఆనాటి లడ్డూల మాటకి నేనెంత సిగ్గుపడ్డానో. "గా ముచ్చట ఇంక యాదికున్నదా నీకు?" అని నవ్వింది. తనకి మాత్రం యాదికి లేకుండా ఉంటుందా?

గడపకి ఇప్పటికీ పసుపు రాస్తూనే ఉన్నాను. అరిష్టమేమీ రాలేదు. పైగా ఈ వయసులో నా మోకాళ్ళకీ ఆ వాలే దిక్కయింది!